ఉగ్గానికి ముందో కప్పు, బజ్జీ తర్వాత ఇంకో కప్పు: రోస్టరీ కాఫీతో ఇంట్లో బ్రంచ్

ఆదివారం పదిన్నరకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, వాటి పక్కన గింజలు వేయించి అమ్మే మంచి రోస్టరీ నుంచి తెచ్చిన కాఫీ. అనంతపురం ఇంట్లో ఇంతకంటే మంచి బ్రంచ్ దొరకదు. అయితే దీంట్లో ముందు తేల్చుకోవాల్సింది వరుస. పాలు కలపని కాఫీ కారానికి ముందే అయిపోవాలి. పాల కాఫీ తిన్నాకే రావాలి. బజ్జీ కొరుకుతూ మధ్యలో కాఫీ తాగితే రెండూ చెడతాయి.

కారణం నాలుక మీదే ఉంది. మిరపకాయకు కారమిచ్చే క్యాప్సైసిన్ నరాల చివరనున్న ఏ గ్రాహకాన్ని తడుతుందో, వేడి కూడా దాన్నే తడుతుంది. టీఆర్‌పీవీ1 అనే ఆ గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది, 2021లో ఆయనకు వైద్య నోబెల్ వచ్చింది. అందుకే బజ్జీ తిన్న నోట్లో వేడి బ్లాక్ కాఫీ పోస్తే మంట ఇంకా పెరుగుతుంది, కాఫీ రుచి మాత్రం తెలియదు. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. పాలలోని కొవ్వు, కేసీన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని నాలుక మీది నుంచి దించుతాయి. చివర్లో వచ్చే పాల కాఫీ మంటను చల్లారుస్తుంది, మొదట్లో వచ్చే బ్లాక్ కాఫీకి శుభ్రమైన నాలుక దొరుకుతుంది.

రెండో కారణం వాసన. నూనె కాగిన వంటింట్లో కాఫీ పరిమళం ముక్కుకు అందదు. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే కాబట్టి, బాండలి పొయ్యి మీదికి ఎక్కకముందే మొదటి కాఫీ కప్పుల్లోకి చేరాలి.

రోస్టర్ కెఫేలో ఏం అడగాలి

గింజలు తెలిసి కొనాలంటే ఒకసారి రోస్టర్ నడిపే కెఫేలో కూర్చుని తినడం మంచిది. అనంతపురం నుంచి 44వ జాతీయ రహదారి మీద బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఇందిరానగర్‌లో అరకు కాఫీ వాళ్ల కెఫే ఉంది. బ్లూ టొకై, థర్డ్ వేవ్ లాంటివాటికి ఆ ఊళ్లో చాలా శాఖలున్నాయి. శని, ఆదివారాల్లో పదకొండు దాటితే బ్రంచ్ రద్దీ మొదలవుతుంది, కౌంటర్ దగ్గర నిలబడి మాట్లాడే వీలుండదు. పదిలోపే చేరుకోండి.

అడగాల్సినవి మూడే. ఇటీవల రోస్ట్ చేసినవాటిలో పోర్-ఓవర్‌కు (పేపరులో పొడి వేసి, పైనుంచి నీళ్లు పోసి దింపే కాఫీకి) ఏది బాగుంది? దాన్ని ఎలా ప్రాసెస్ చేశారు: కడిగి ఆరబెట్టారా, పండుతో సహా ఎండబెట్టారా? ఎన్ని గ్రాముల పొడికి ఎన్ని నీళ్లు పోస్తున్నారు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబును ఫోన్లో రాసుకోండి, ఇంటికొచ్చాక మొదటి కప్పుకు అదే కొలత.

ఇద్దరు వెళ్తే ఒక పోర్-ఓవర్ చెప్పి పంచుకోండి. దానికి ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. ఆ లోపల తిండి చెప్పొద్దు, చెప్పినా కాఫీ తర్వాత తెమ్మనండి. సగం వేడిగా తాగి మిగతా సగం గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి. పండు రుచి, పులుపు, తీపి చల్లారేకొద్దీ విడివిడిగా తెలుస్తాయి. గింజలు కొనే ఉద్దేశం ఉంటే మొదట కాపుచినో తీసుకోవద్దు, పాలలో గింజ గుణం సగం దాగిపోతుంది. గుడ్లు, సవర్‌డో టోస్ట్, పుట్టగొడుగుల పక్కన బ్లాక్ కాఫీ బాగుంటుంది. సిరప్ పోసిన పాన్‌కేక్ తిన్న నోటికి అదే కాఫీ పుల్లగా తగులుతుంది, తీపి తినేవాళ్లు ఫ్లాట్ వైట్ అనే పాల కాఫీ చెప్పుకోవాలి. సంచి మీద నారింజ, చాక్లెట్, జామ అని రాసుంటే అవి కలిపిన ఫ్లేవర్లు కావు, గింజలో రోస్టర్‌కు తోచిన పోలికలు.

మన బ్రంచ్‌కు ఏ గింజ? ఉగ్గానిలో నిమ్మరసం ఉంటుంది. బాగా పుల్లగా ఉండే లైట్ రోస్ట్ దాని పక్కన పదునుగా, ఒంటరిగా నిలుస్తుంది. మొదటి కప్పుకు కడిగి ఆరబెట్టిన మీడియం రోస్ట్ అరబికా, చాక్లెట్ గానీ వేయించిన పప్పుల రుచి గానీ ఉన్నది తీసుకోండి. అరకు, చిక్కమగళూరు, బాబా బుడన్‌గిరి అరబికాలు మూడింటికీ 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మూడు చోట్లా ఇలాంటివి దొరుకుతాయి. పాల కాఫీకి మీడియం-డార్క్ వేరే సంచి కావాలి. పులుపు తక్కువగా, చిక్కగా ఉండే మాన్‌సూన్డ్ మలబార్ (వానాకాలపు తేమ గాలికి ఉంచిన గింజలు) దానికి చాలా బాగుంటుంది. ఒకే సంచితో రెండూ సరిపెట్టాలంటే మీడియం తీసుకోండి, పాలు తగ్గించండి.

కొనేముందు ఎక్స్‌పైరీ కాదు, రోస్ట్ చేసిన తేదీ చూడండి. నిన్న రోస్ట్ చేసినది ఇవాళ కాచుకుంటే లోపలి కార్బన్ డయాక్సైడ్ నీటిని గింజలోకి రానివ్వదు, పొడి బుసబుస పొంగి కాఫీ పలచగా దిగుతుంది. లైట్ రోస్ట్‌కు పది నుంచి పద్నాలుగు రోజులు, మీడియంకు వారం, డార్క్‌కు నాలుగైదు రోజులు ఆగాలి. సంచి తెరిచాక మూడు, నాలుగు వారాల్లో అయిపోవాలి. 250 గ్రాముల సంచి రోజూ ఇద్దరు తాగే ఇంట్లో వారం పైనే వస్తుంది, అంతకంటే పెద్దది వద్దు. ఇంట్లో గ్రైండర్ లేకపోతే అక్కడే ఆడించుకోండి, కానీ ఏ పరికరానికో చెప్పి ఆడించాలి. పొడి అయ్యాక పరిమళం రోజుల్లోనే పోతుంది, అందుకని పొడి సగం సంచి చాలు.

సంచి ఇంటికి చేరాక

ఎండాకాలంలో తిరుగు ప్రయాణానికి కారు డిక్కీలో సంచి పెట్టొద్దు. ఆగి ఉన్న కారు లోపలి వేడికి గింజల నూనె పైకి తేలి త్వరగా ముక్కిన వాసన కొడుతుంది. సీటు దగ్గర, ఏసీ తగిలేచోట ఉంచండి. ఇంట్లోనూ పొయ్యి పైనున్న అలమర వద్దు. నలభై డిగ్రీలు దాటే నెలల్లో రెండు వారాల వాడకానికి మించిన గింజలను ఫ్రీజర్లో పెట్టడమే మేలు. ఒక పూటకు సరిపడా 30 గ్రాముల చొప్పున గాలి చొరని చిన్న ప్యాకెట్లు కట్టి పెట్టాలి. తీసిన ప్యాకెట్ మళ్లీ లోపలికి పోకూడదు. తెరిచి బయట పెడితే చల్లటి గింజల మీద తేమ పడుతుంది, అందుకని తీసిన వెంటనే ఆడించేయండి, లేదా మూసిన ప్యాకెట్‌నే గది వేడికి రానిచ్చి తెరవండి.

నీళ్లు

మన వైపు కాఫీ చెడేది ఎక్కువగా ఇక్కడే. మూడు వేల రూపాయల గ్రైండర్ కొన్నవాళ్లు కూడా నీళ్ల సంగతి పట్టించుకోరు. కాఫీలో తొంభై ఎనిమిది పాళ్లకు పైగా నీళ్లే. బోరు నీళ్లలో బైకార్బనేట్ ఎక్కువ, అది కాఫీలోని పులుపును చాలావరకు విరిచేస్తుంది. కప్పు చప్పగా, సుద్ద రుచిగా ఉంటుంది. పైగా అనంతపురం జిల్లాలో చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఉంది, కాచినంత మాత్రాన అది పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి కాఫీకి బోరు నీళ్లు వద్దు.

అలాగని ఆర్ఓ నీళ్లు నేరుగా పోసినా సరిపోదు. క్యాన్ నీళ్లలో లవణాలు మరీ తక్కువగా ఉండొచ్చు. కాల్షియం, మెగ్నీషియం లేని నీళ్లు గింజలోని రుచిని సరిగ్గా లాగలేవు, పులుపును నిలువరించే బైకార్బనేట్ కూడా లేకపోవడంతో కాఫీ పదునుగా, డొల్లగా దిగుతుంది. స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ చెప్పే లెక్క: మొత్తం లవణాలు లీటరుకు 150 మిల్లీగ్రాములు ఉంటే మేలు, 75 నుంచి 250 దాకా ఫర్వాలేదు. కొన్ని వందల రూపాయలకు దొరికే టీడీఎస్ మీటరు ఈ లెక్క చూపిస్తుంది. ఏ లవణం ఎంతో చెప్పదు, కానీ ఇంటికి అది చాలు.

సరిచేసే పద్ధతి కలపడమే. కర్నూలులో తుంగభద్ర నీళ్లు కుళాయికి వస్తాయి, మిగతా చోట్ల కూడా నది నుంచి శుద్ధి చేసి వచ్చే మున్సిపల్ నీళ్లను కాచి, వడకట్టి వాడండి. ఉదాహరణకు ఆర్ఓ నీళ్లు 40, కుళాయి నీళ్లు 400 చూపిస్తే, 780 మిల్లీలీటర్ల ఆర్ఓకు 220 కుళాయి నీళ్లు కలిపితే లీటరు దాదాపు 120కి వస్తుంది. మంచి కప్పుకు అది చాలు. కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన ఉంటే రాత్రి తెరిచిన గిన్నెలో ఉంచండి. ప్యూరిఫైయర్‌కు టీడీఎస్ తిప్పే మీట ఉండి, దానికి వచ్చేవి మున్సిపల్ నీళ్లే అయితే ఆ మీటతోనే పని జరుగుతుంది.

పదిన్నర కప్పు

నలుగురికి 30 గ్రాముల గింజలు, 480 మిల్లీలీటర్ల నీళ్లు, రెండో సైజు వి60 డ్రిప్పర్ (పేపరు పెట్టి కాఫీ దింపే గరాటు). ఒక్కొక్కరికి చిన్న కప్పు వస్తుంది, మొదటి కాఫీకి అంతే కావాలి. పొడి బొంబాయి రవ్వ కంటే కొంచెం సన్నగా ఉండాలి. ఫిల్టర్ పేపరును డ్రిప్పర్‌లో పెట్టి వేడినీళ్లతో తడిపి ఆ నీళ్లు పారబోయండి, లేకపోతే కాగితం రుచి దిగుతుంది.

అనంతపురం సముద్ర మట్టానికి 335 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్లు 99 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మీడియం రోస్ట్‌కు 93, 94 చాలు. మరిగాక మూత తీసి నలభై సెకన్లు ఆగితే ఆ చుట్టుపక్కలకు వస్తుంది. లైట్ రోస్ట్ అయితే ఆగకుండా పోయండి.

త్రాసు మీద పెట్టి ముందు 80 గ్రాముల నీళ్లు పోసి నలభై సెకన్లు ఆగండి. పొడి ఉబ్బి గాలి వదులుతుంది. తర్వాత సన్న ధారగా, నడుమ నుంచి బయటికి తిప్పుతూ 1:30 కల్లా 280కి, 2:15 కల్లా 480కి చేర్చండి. ధార పేపరు గోడల మీద పడితే నీళ్లు పొడిని తాకకుండానే జారిపోతాయి. మూడు నుంచి మూడున్నర నిమిషాల మధ్య చివరి చుక్క దిగాలి. రెండు నిమిషాలకే దిగి పుల్లగా, ఉప్పు రుచిగా ఉంటే పొడి ఒక మెట్టు సన్నం చేయండి. నాలుగున్నర దాటి చేదుగా, నాలుక పట్టేసినట్లు ఉంటే ముతక చేయండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. కొలత, వేడి, పొడి మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

కప్పులు పంచేముందు జగ్గును ఒకసారి తిప్పండి. మొదట దిగిన కాఫీ చిక్కగా అడుగున, చివర దిగినది పలచగా పైన ఉంటుంది. చక్కెర గిన్నె బల్ల మీద ఉండనివ్వండి, కావాల్సిన పెద్దవాళ్లు వేసుకుంటారు. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడేవాళ్లు మాత్రను కాఫీతో కలపకూడదు, కాఫీ ఐరన్‌ను ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు.

ఈ కాఫీకి ముందే, పదీ పది ప్రాంతంలో, స్టీల్ ఫిల్టర్‌లో పాల కాఫీ డికాక్షన్ వేసేయండి. రోస్టరీ పొడితో ఇక్కడే చాలామందికి డికాక్షన్ నీళ్లలా దిగుతుంది. షాపుల్లో మనం కొనే పొడిలో చికోరీ ఉంటుంది (చట్టం ప్రకారం 49 శాతం దాకా ఉండొచ్చు), అది ఉబ్బి నీటిని ఆపుతుంది, రంగు, చిక్కదనం ఇస్తుంది. చికోరీ లేని పొడిలో నీళ్లు ఆగవు. కాబట్టి మామూలు ఫిల్టర్ పొడి కంటే ఒక మెట్టు మెత్తగా ఆడించండి, పొడి పెంచండి. నలుగురికి 40 గ్రాముల పొడి, 240 మిల్లీలీటర్ల నీళ్లు. పొడిని సమంగా పరిచి, గొడుగుతో (ఫిల్టర్‌లో పొడి మీద పెట్టే చిల్లుల బిళ్లతో) ఒత్తీ ఒత్తనట్లు ఒత్తి, ముందు 60 పోసి నిమిషం ఆగి, మిగిలినది నెమ్మదిగా పోయండి. పొడి కొంత నీరు పీల్చుకుని 160 మిల్లీలీటర్ల దాకా దిగుతుంది. ఇరవై నిమిషాలు పట్టాలి. ఐదు నిమిషాలకే దిగితే పొడి ముతక. అరగంటకూ దిగకపోతే మరీ మెత్తన, లేదా ఒత్తడం ఎక్కువైంది. గొడుగు తీసి పైన ఒకసారి కదిపితే కదులుతుంది. పొడి తెచ్చుకోవడానికి దారి లేనివాళ్లకు మిక్సీ గతి అయితే, రెండేసి సెకన్లు ఆపుతూ తిప్పండి, వరసగా తిప్పితే గిన్నె వేడెక్కి పరిమళం అక్కడే పోతుంది.

ఉగ్గాని, బజ్జీ

కప్పులు ఖాళీ అయ్యాక బాండలి పెట్టండి. కోతలు, పొడి అన్నీ ముందే సిద్ధంగా ఉండాలి.

నలుగురికి పావు కిలో బొరుగులు. బొరుగులు ఇసుకలో వేయిస్తారు, అడుగున ఇసుక ఉంటుంది. పెద్ద గిన్నె నిండా నీళ్లలో వేసి, పైనుంచి చేత్తో తోడుకోండి, గిన్నె వంచొద్దు. సన్న బొరుగులకు అర నిమిషం, లావు వాటికి రెండు నిమిషాలు నానితే చాలు. వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా అణగాలి, నడుమ కొంచెం పలుకు తగలాలి. ఎక్కువ నానితే ముద్దవుతాయి, దాన్ని బాగుచేసే దారి లేదు. గట్టిగా పిండి జల్లెడలో వేయండి.

పప్పుల పొడికి అరవై గ్రాముల వేయించిన శనగపప్పు (పుట్నాలు), రెండు చెంచాల ఎండుకొబ్బరి, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు కలిపి ఆడించండి. నాలుగు చెంచాల చెనక్కాయ నూనెలో ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, గుప్పెడు చెనక్కాయ విత్తనాలు, కరివేపాకు వేసి, రెండు పెద్ద ఎర్రగడ్డలు, ఆరు పచ్చిమిరపకాయలు మగ్గనివ్వండి. అర చెంచా పసుపు, ఉప్పు. కొన్ని బొరుగులకు ఉప్పు పట్టించి అమ్ముతారు, రుచి చూసి వేయండి. బొరుగులు వేసి రెండు నిమిషాలు కలిపి, పొయ్యి ఆపాకే పప్పుల పొడి, నిమ్మరసం, కొత్తిమీర. మంట మీద పొడి వేస్తే తడి అంతా పీల్చుకుని ఉగ్గాని పొడిబారుతుంది. చెనక్కాయ విత్తనాలు మాత్రం మానొద్దు. వేయించిన పప్పుల రుచి ఉన్న కాఫీకి ఈ పళ్లెంలో అసలు చుట్టం అవే.

బజ్జీకి లేత ఆకుపచ్చ పొడవు మిరపకాయలు పది. నిలువుగా చీల్చి, వాము, ఉప్పు, చింతపండు గుజ్జు కలిపిన ముద్ద లోపల పూయండి. 200 గ్రాముల శనగపిండి, రెండు చెంచాల బియ్యప్పిండి, ఉప్పు, చిటికెడు సోడా, 200 మిల్లీలీటర్ల దాకా నీళ్లు. కాయ తడిగా ఉంటే పిండి జారిపోతుంది, తుడిచి ముంచండి. సోడా ఎక్కువైతే నూనె తాగుతుంది. నూనె 175 డిగ్రీల దగ్గర ఉండాలి, అంటే పిండి చుక్క వేస్తే అడుగుకు పోయి రెండు మూడు సెకన్లలో పైకి రావాలి. ముప్పావు వంతు వేగాక తీసి, ముక్కలు కోసి, తినేముందు మళ్లీ వేస్తే కరకరలాడతాయి, అందరికీ ఒకేసారి వేడిగా పెట్టొచ్చు. కడప వాళ్లు బజ్జీ బదులు ఎర్ర కారం దోసె పెట్టుకున్నా కాఫీ వరుస ఇదే.

తిన్నాక

కారం తిన్న పావుగంటకు పాల కాఫీ. ఎనుము (గేదె) పాలలో కొవ్వు ఎక్కువ, మంట తగ్గించడానికి మంచిదే గానీ కాఫీని కప్పేస్తుంది. వంద మిల్లీలీటర్లకు ఇరవై నీళ్లు కలపండి. ఒకసారి కాచి ఉంచిన పాలను మళ్లీ 65, 70 డిగ్రీలకు వేడి చేస్తే చాలు, మళ్లీ మళ్లీ మరిగిస్తే కాచిన వాసన కాఫీ మీదికి వస్తుంది. ఒక్కో గ్లాసులో 40 డికాక్షన్, 110 పాలు. బెల్లం వేసుకునేవాళ్లు పాలు వేడిగా ఉన్నప్పుడు వేయొద్దు, కొన్ని బెల్లాలకు పాలు విరుగుతాయి. గ్లాసులోకి పోసి కాస్త చల్లారాక కలపండి. పక్కన ఓళిగ (బొబ్బట్టు) ఉంటే ఈ కప్పుకే ఉంచండి.

ఏప్రిల్, మే నెలల్లో చివరి కప్పు వేడిగా తాగబుద్ధి కాదు. అప్పుడు చీనీ (బత్తాయి) రసంతో చల్ల కాఫీ. ముందురోజు సాయంత్రం 60 గ్రాముల ముతక పొడిని 600 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి మూతపెట్టి ఫ్రిజ్‌లో పదహారు గంటలు ఉంచి, గుడ్డలో, ఆపైన పేపరులో వడకట్టండి. పండుతో ఎండబెట్టిన గింజలు దీనికి బాగా కుదురుతాయి. గ్లాసు నిండా ఐసు, 90 మిల్లీలీటర్ల చీనీ రసం, దాని మీద నెమ్మదిగా 90 కాఫీ. చీనీ రసం పిండి ఉంచితే లిమోనిన్ వల్ల చేదెక్కుతుంది. కాయలు తాగేముందే పిండాలి, గింజలు, తెల్లతొక్క నలగకూడదు. మిక్సీలో వేయకుండా చేత్తో పిండే జ్యూసర్ వాడండి. ఇందులో పాలు లేవు కాబట్టి బజ్జీ మంట ఇంకా ఉంటే ముందు రెండు గుటకల మజ్జిగ తాగి, తర్వాత ఈ గ్లాసు ఎత్తండి.